గళ్లలో పెట్టిన దరువు నడవాలంటే

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని పాటలు కట్టుకునేవారి నుంచి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో డ్రమ్స్‌కు సంబంధించినవే ఎక్కువగా ఉంటున్నాయి. విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగినవాటిలో మరికొందరికి కూడా పనికివస్తాయనుకున్నవాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా చర్చి క్వయర్ కోసం ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు తయారుచేస్తున్నాను. దెబ్బలను వరుస గళ్లలో పెట్టే స్టెప్ సీక్వెన్సర్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్), హై-హ్యాట్ (జంట సింబల్స్) గళ్లను మౌస్‌తో నింపుతాను. తాళం ఎక్కడా తప్పదు. అయినా విన్నవాళ్లు "కీబోర్డులో స్టైల్ నొక్కి వదిలేసినట్టుంది" అంటున్నారు. ఖరీదైన డ్రమ్ శాంపిల్స్ (రికార్డు చేసి పెట్టిన డ్రమ్ ధ్వనులు) కొనాలా?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు వర్ణించిన తీరును బట్టి చూస్తే లోపం ధ్వనులలో లేదు, దెబ్బల బలాబలాలలో ఉంది. గడిని మౌస్‌తో నొక్కిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ దెబ్బకు ఒకే వెలాసిటీని, అంటే ఒకే బలాన్ని ఇస్తుంది. వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ఈ బలానికి 1 నుంచి 127 వరకు అంకెలు ఉన్నాయి. ఇన్ని మెట్లు అందుబాటులో ఉండగా పాట మొత్తాన్ని ఒక్క మెట్టు మీదే నడిపితే, ఎంత మంచి డ్రమ్ కిట్ శాంపిల్ అయినా మరమగ్గం చప్పుడులాగే వినిపిస్తుంది.

ఒక్క బార్ తీసుకొని చేసి చూడండి. నాలుగు బీట్ల బార్‌లో పదహారు గళ్లు ఉంటాయి. కిక్‌ను 1, 9, 11 గళ్లలోనూ, స్నేర్‌ను 5, 13 గళ్లలోనూ, హై-హ్యాట్‌ను బేసి గళ్లన్నిటిలోనూ పెట్టండి. ఇంతవరకు మీరు ఇప్పుడు చేస్తున్నదే. ఆ తరువాత ఒక్కో దెబ్బ బలాన్ని మార్చే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, బీటు మీద పడే హై-హ్యాట్ దెబ్బలను, అంటే 1, 5, 9, 13 గళ్లను 95 దగ్గర ఉంచి, వాటి మధ్యన పడే 3, 7, 11, 15 గళ్లను 60 దగ్గరకు దించండి. మొదటి కిక్‌కు 110, తొమ్మిదో గడిలోని దానికి 100, పదకొండో గడిలోని దానికి 85 ఇవ్వండి. రెండు స్నేర్ దెబ్బలలో రెండోదాన్ని మొదటిదానికన్నా నాలుగైదు అంకెలు పైన ఉంచండి. చివరగా 8, 10 గళ్లలో స్నేర్‌ను 30 బలంతో చేర్చండి. ఈ చివరి రెండింటిని శ్రోత విడిగా గుర్తుపట్టకూడదు, తీసేస్తే మాత్రం ఏదో తగ్గిందని అనిపించాలి. విడిగా వినిపిస్తున్నాయంటే ఇంకా దించాలి. ఈ అంకెలను శాసనంగా పట్టుకోవద్దు. మీ దగ్గరున్న శాంపిల్‌కు ఎంత ఇస్తే ఎలా పలుకుతుందో విని సవరించుకోవాలి.

ఇక్కడ ఒక పరీక్ష అవసరం. ఒకే స్నేర్‌ను 30, 70, 110 బలాలతో వరుసగా మోగించి వినండి. బలం పెరిగే కొద్దీ శబ్దం పెద్దదవడమే కాక దాని తీరు కూడా మారుతూ ఉంటే, ఆ శాంపిల్‌లో వేర్వేరు బలాలతో కొట్టి రికార్డు చేసిన పొరలు ఉన్నట్టు లెక్క. కేవలం వాల్యూమ్ మాత్రమే మారుతూ ఉంటే అది ఒకే దెబ్బను పెంచి తగ్గించిన శాంపిల్. కొనడం గురించి మీరు అప్పుడు ఆలోచించవచ్చు. అప్పుడు కూడా పొరలున్న చిన్న కిట్‌ను ఎంచుకోండి కాని, వందల ధ్వనులున్నాయన్న ప్రకటన చూసి కొనవద్దు.

డ్రమ్మర్‌కు రెండు చేతులు, రెండు కాళ్లు మాత్రమే ఉంటాయన్న సంగతిని మౌస్ పట్టుకున్నవారు తరచు మరిచిపోతారు. స్నేర్, క్రాష్ సింబల్, మూసిన హై-హ్యాట్ మూడూ ఒకే గడిలో పడితే మూడో చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందని చెవి అడుగుతుంది. క్రాష్ ఉన్న చోట హై-హ్యాట్‌ను తీసేయండి. తెరిచిన హై-హ్యాట్ మోగుతూ ఉండగా మూసినది పడితే మొదటిది ఆగిపోవాలి. అలా ఆగకపోతే రెండింటినీ ఒకే కట్ గ్రూపులో, అంటే ఒకటి మోగితే మరొకటి ఆగే జట్టులో చేర్చండి.

బలం తరువాత చూడవలసినది దెబ్బ పడే చోటు. నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక్కో గడి నిడివి 150 మిల్లీసెకన్లు. జంట గళ్లలో రెండోదాన్ని కొద్దిగా ఆలస్యం చేయడాన్ని స్వింగ్ అంటారు. 1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 డ్రమ్ యంత్రంలోనే ఈ సదుపాయం ఉంది. ఆయన లెక్కలో 50 శాతం అంటే తిన్నని నడక, 66 శాతం అంటే దాదాపు తిశ్రం, అంటే మూడుల నడక. 58 శాతం పెడితే రెండో దెబ్బ 150 దగ్గర కాక 174 మిల్లీసెకన్ల దగ్గర పడుతుంది. అయితే ఒక్కో సాఫ్ట్‌వేర్ ఈ శాతాన్ని ఒక్కో విధంగా లెక్కిస్తుంది కనుక, ఒకచోట చదివిన అంకెను మరోచోట పెట్టి అదే ఫలితం రావాలని కోరుకోకూడదు.

ఇవన్నీ గళ్లలో దిద్దుకోవచ్చు. కాని నా సలహా వేరు. కిక్, స్నేర్‌లను గళ్లలో పెట్టుకుని, ఆ లూప్ తిరుగుతూ ఉండగా హై-హ్యాట్‌ను మాత్రం మీ కీబోర్డు మీద వేలితో వాయించి రికార్డు చేయండి. కీబోర్డు టచ్ సెన్సిటివ్ అయితే మీ వేలి బలం దానంతట అదే వెలాసిటీగా నమోదవుతుంది. ఒక బార్ కాకుండా ఎనిమిది బార్లు ఆపకుండా వాయించండి. ఆ తరువాత క్వాంటైజ్ చేయాలనిపిస్తే, అంటే దెబ్బలను గీతల మీదకు జరపాలనిపిస్తే, నూరు శాతం చేయవద్దు. సగం బలంతో చేస్తే ప్రతి దెబ్బ తన గీతకు సగం దూరం మాత్రమే జరుగుతుంది, బాగా తప్పినవి దారికి వస్తాయి, చేతివాటం మిగులుతుంది. హ్యూమనైజ్ అనే బొత్తాన్ని మాత్రం మొదటి మందుగా వాడకండి. అది దెబ్బలను గుడ్డిగా అటూ ఇటూ చెదరగొడుతుంది. మనిషి చేతిలో వచ్చే తేడాకు ఒక పద్ధతి ఉంటుంది, ఈ బొత్తానికి అది తెలియదు.

ప్రశ్న: ఒక షార్ట్ ఫిల్మ్ కోసం రెండు బిట్లు చేయాలి. ఒకటి మిశ్రచాపులో, రెండోది పెళ్లి ఊరేగింపులో వినిపించే డప్పు దరువులో. రెండూ పదహారు గళ్లలో ఇమడడం లేదు. డప్పును ఎలాగో దూర్చాను కాని, వింటే వేరే ఏదో పాటలా ఉంది.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇమడకపోవడమే న్యాయం. పదహారు గళ్లు చతురశ్ర నడకకు, అంటే నాలుగుల లెక్కకు వేసిన చట్రం. మన తాళాన్ని ఆ చట్రంలోకి నొక్కడం కాక, చట్రాన్నే తాళానికి తగినట్టు మార్చుకోవాలి.

మిశ్రచాపులో ఆవర్తానికి ఏడు అక్షరాలు, వాటి విభజన తకిట-తక-దిమి. ఊనిక 1, 4, 6 అక్షరాల మీద పడుతుంది. ప్రాజెక్టు సెట్టింగులలో టైమ్ సిగ్నేచర్‌ను 7/8గా మార్చి, సీక్వెన్సర్‌లో గళ్లను 14కు తగ్గించండి. అప్పుడు అక్షరానికి రెండు గళ్లు వస్తాయి కనుక ఊనిక దెబ్బలు 1, 7, 11 గళ్లలోకి చేరుతాయి. మిగిలిన గళ్లలో తక్కువ బలంతో భర్తీ దెబ్బలు వేసుకోవచ్చు. వేగం దగ్గర ఒక చిక్కు ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లలో టెంపో అంకె క్వార్టర్ నోటును లెక్కిస్తుంది కాని మన అక్షరాన్ని కాదు. 120 పెడితే 7/8లో అక్షరానికి 250 మిల్లీసెకన్లు, ఆవర్తానికి ఒకటిముప్పావు సెకను పడుతుంది. గాయకుడు మెట్రోనోమ్‌లో చూసుకున్న వేగానికీ మీ ప్రాజెక్టు వేగానికీ రెట్టింపు తేడా వచ్చిందంటే కారణం ఇదే.

ఇక డప్పు. చాలామంది తీన్‌మార్ అని పిలిచే దరువులు మూడుల లెక్కన నడుస్తాయి. మీరు వాటిని పదహారు గళ్లలో దగ్గరి గడికి జరిపి పెట్టి ఉంటారని నా అనుమానం. నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక బీటును మూడు భాగాలు చేస్తే దెబ్బలు 0, 200, 400 మిల్లీసెకన్ల దగ్గర పడాలి. పదహారు గళ్ల చట్రంలో ఉన్న చోట్లు 0, 150, 300, 450 మాత్రమే. రెండో దెబ్బ 50 మిల్లీసెకన్లు ముందుగానో, మూడోది 50 మిల్లీసెకన్లు వెనుకగానో పడక తప్పదు. ఆ తేడా చెవికి స్పష్టంగా తెలిసేంత పెద్దది. మీకు వేరే పాటలా వినిపించినది అదే. 12/8 పెట్టుకొని పన్నెండు గళ్లు తీసుకోండి, లేదా పియానో రోల్‌లో (నోట్లను గీతల మీద రాసే కిటికీలో) స్నాప్‌ను, అంటే నోట్లు అతుక్కునే గీతల ఎడాన్ని, బీటులో మూడో వంతుకు మార్చి అక్కడ రాసుకోండి.

డప్పుకు ఒకే శాంపిల్ చాలదు. కుడిచేతిలోని సిర్ర పలికే మోత వేరు, ఎడమచేతిలోని సన్నని సిటికెన పుల్ల పలికే చిటపట వేరు. రెండింటికీ రెండు వరుసలు పెట్టి, సిర్ర దెబ్బలను 90 పైన, పుల్ల దెబ్బలను 40, 70 మధ్య ఉంచితే దరువు దానంతట అదే లేచి నిలబడుతుంది. మౌస్ పట్టుకునే ముందు దరువును నోటితో పలికి ఫోనులో రికార్డు చేసుకోండి. నోరు తిరగని దరువు గళ్లలో కూడా తిరగదు. మిశ్రచాపు విషయంలో సందేహం మిగిలితే, మృదంగం నేర్చినవారి దగ్గర పది నిమిషాలు కూర్చోవడం ఎన్ని వీడియోలు చూసినదానికన్నా మేలు. మీకు దగ్గరలోనే, విజయవాడలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో ఆ విద్య నేర్పుతున్నారు.

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయిస్తాను. దాన్ని లాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేద్దామంటే, కొట్టిన దెబ్బ ఒక క్షణం తరువాత వినిపిస్తోంది. పైగా కిక్ కొడితే కౌబెల్ (లోహపు గంట) మోగుతోంది. కేబుల్ మార్చినా ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కేబుల్‌ను అనుమానించవద్దు. మిడి తీగలో ఒక దెబ్బ సమాచారం వెళ్లడానికి ఒక మిల్లీసెకను పడుతుంది, అంతే. ఆలస్యం లాప్‌టాప్‌లో జరుగుతోంది. ధ్వనిని పంపే ముందు కంప్యూటర్ కొంత మేర పోగుచేసుకుంటుంది, ఆ పోగును బఫర్ అంటారు. 44.1 కిలోహెర్ట్జ్ వద్ద 1024 శాంపిళ్ల బఫర్ ఉంటే ఒక్క ఆ పోగుకే 23 మిల్లీసెకన్లు పడతాయి. 256కు దించితే 6 మిల్లీసెకన్లలోపు, 128కి దించితే 3 మిల్లీసెకన్లలోపు అవుతుంది. స్పీకరుకు రెండు మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి గాలిలో ప్రయాణించి వచ్చే శబ్దమే సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక, అంతవరకు చేతికి తెలియదు. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్‌ను వదిలి ఆలస్యాన్ని తగ్గించే ఏసియో డ్రైవర్‌ను ఎంచుకోండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కు చేర్చే విడి పరికరం) ఉంటే దానితో వచ్చినదే మంచిది, లేకపోతే ఏసియో ఫర్ ఆల్ ఉచితంగా దొరుకుతుంది. వాయించేటప్పుడు బఫర్‌ను తక్కువగా ఉంచి, మిక్సింగ్‌లో ప్లగిన్లు పెరిగి శబ్దం చిటపటలాడినప్పుడు పెంచుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నట్టయితే ముందు వాటిని పక్కన పెట్టండి. వాటి ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, దాన్ని ఏ డ్రైవరూ తగ్గించలేదు.

ఇంకా సులువైన దారి ఒకటి ఉంది. ప్యాడ్ సొంత శబ్దాన్నే హెడ్‌ఫోన్లలో వింటూ వాయించండి, కంప్యూటర్‌లో మిడి మాత్రమే నమోదు కానివ్వండి. శాంపిల్‌ను తరువాత పెట్టుకోవచ్చు. కచేరీలలో చెయ్యి తిరిగిన మీకు ఇదే బాగా నప్పుతుంది.

కౌబెల్ సంగతి నంబర్లకు సంబంధించినది. ప్యాడ్ పంపేది శబ్దాన్ని కాదు, ఒక నోటు నంబరును. 1991 నాటి జనరల్ మిడి పద్ధతిలో కిక్‌కు 36, స్నేర్‌కు 38, మూసిన హై-హ్యాట్‌కు 42, తెరిచినదానికి 46, కౌబెల్‌కు 56 ఉంటాయి, డ్రమ్స్ పదో చానెల్‌లో నడుస్తాయి. మీ ప్యాడ్‌లో కిక్ ఏ నంబరు పంపుతోందో మిడి ఎడిటర్‌లో చూసి, ప్యాడ్‌లో కాని సాఫ్ట్‌వేర్‌లో కాని ఒకచోట సరిచేయండి. నోటును అక్షరంతో చూడవద్దు. అదే 36ను ఎఫ్ఎల్ స్టూడియో సీ3 అంటుంది, క్యూబేస్ అనే మరో సాఫ్ట్‌వేర్ సీ1 అంటుంది. ఒక దెబ్బకు రెండు నోట్లు పడుతూ ఉంటే ప్యాడ్‌లో థ్రెషోల్డ్‌ను, అంటే దెబ్బగా లెక్కించే కనీస బలాన్ని కాస్త పెంచండి. ఎస్‌పీడీ-20 వంటి పాత మోడల్ అయితే అందులో ఐదు పిన్నుల మిడి సాకెట్ మాత్రమే ఉంటుంది, యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ విడిగా కొనుక్కోవలసి ఉంటుంది.

ప్రశ్న: మా బృందం బుర్రకథను రికార్డు చేసి, వెనుక కొద్దిగా కీబోర్డు, డ్రమ్స్ కలపాలని అనుకుంటున్నాం. క్లిక్ (తాళం చూపే టిక్‌టిక్ శబ్దం) వినిపిస్తే కథకుడికి నోరు రావడం లేదు. క్లిక్ లేకుండా రికార్డు చేస్తే తరువాత డ్రమ్స్ ఎక్కడా అతకడం లేదు.
— ఒక పాఠకుడు, తాడికొండ, గుంటూరు జిల్లా

జవాబు: కథకుడిదే ఒప్పు. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు మీ పక్కనే ఉంది కనుక మీకు నేను చెప్పవలసిన పని లేదు, యుద్ధఘట్టంలో వేగం పెరగడం, కరుణఘట్టంలో సాగడం బుర్రకథకు ప్రాణం. దానికి ఒకే టెంపో కట్టి కూర్చోబెడితే కథ చచ్చిపోతుంది.

క్లిక్ లేకుండానే రికార్డు చేయండి. ఆ తరువాత డ్రమ్స్‌ను కథకు అతికించే బదులు, సాఫ్ట్‌వేర్‌లోని బార్ గీతలనే కథ వెంట నడిపించాలి. దీన్ని టెంపో మ్యాప్ అంటారు. కథకుడి చేతి అందెల మోత వేవ్‌ఫామ్‌లో సూదుల్లా నిటారుగా కనబడుతుంది కనుక, ప్రతి ఆవర్తం మొదటి దెబ్బను దాని సాయంతో పట్టుకోవడం సులువు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు మొదటి దెబ్బల మధ్య భాగాన్ని ఎంచుకొని, దాన్ని ఒక బార్‌గా మార్చే ఆజ్ఞ ఇస్తే అక్కడి టెంపోను అదే లెక్కకడుతుంది. క్యూబేస్, లాజిక్‌లలో ఈ పనిని తమంతట తామే చేసే సదుపాయాలు ఉన్నా, వేగం ఒక్కసారిగా మారే చోట్ల అవి తడబడతాయి, చేత్తో దిద్దక తప్పదు. వచనం చెప్పే భాగాలకు గీతలు అక్కరలేదు, అక్కడ డ్రమ్స్ ఉండకూడదు కూడా. మ్యాప్ పూర్తయ్యాక గళ్లలో వేసిన దరువైనా కథతో కలిసి పరుగెత్తుతుంది, కలిసి నిలుస్తుంది. ఓపిక కావలసిన పనే. అరగంట కథకు ఒక పూట కేటాయించుకోండి.

రికార్డింగ్‌లో వంతల (కథకుడి పక్కన నిలిచే ఇద్దరి) డక్కీలకు, అంటే మట్టి డోళ్లకు ఒక్కో మైకు ఇవ్వండి. మైకును చర్మానికి జానెడు దూరంలో కొద్దిగా ఏటవాలుగా పెడితే దెబ్బా, కుండ లోపలి గుమ్మూ రెండూ దొరుకుతాయి. ఒక మైకు తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైకు దానికి కనీసం మూడింతల దూరంలో ఉండాలి. లేకపోతే రెండు మైకుల శబ్దాలు కలిసినప్పుడు గుమ్ము పలచబడిపోతుంది. "తందాన తాన" అని ముగ్గురూ ఎత్తుకున్నప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా ముందే చూసుకోండి. ఈ ఎండల్లో ఫ్యాను ఆపి పాడమనడం కష్టమే కనుక తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది, రోడ్డు కూడా అప్పుడే నిశ్శబ్దంగా ఉంటుంది.

ప్రశ్న: డబ్బు పెట్టకుండా డ్రమ్స్ రాయడం నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?
— ఒక విద్యార్థి, కొత్తపేట, గుంటూరు

జవాబు: కంప్యూటర్ ఉంటే హైడ్రోజన్ అనే ఉచిత డ్రమ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. పూర్తి పాట చేయాలనిపిస్తే ఎల్ఎమ్ఎమ్ఎస్ కూడా ఉచితమే. ఫోను మాత్రమే ఉంటే బ్యాండ్‌ల్యాబ్ చాలు. దొంగ కాపీల జోలికి వెళ్లవద్దు. వాటితో పాటు వచ్చే వైరస్ మీ పాటలను కూడా పట్టుకుపోతుంది.

ప్రశ్న: ఇంట్లో చేసిన డ్రమ్స్‌ను మిక్సింగ్ కోసం స్టూడియోకు పంపితే "ఇలా పంపితే ఏమీ చేయలేం" అన్నారు. ఎలా పంపాలి?
— ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీరు డ్రమ్స్ అన్నిటినీ కలిపి ఒకే ఎంపీ3గా పంపి ఉంటారు. కిక్, స్నేర్, హై-హ్యాట్, మిగిలిన సింబల్స్, డోలక్ వంటివి ఒక్కోటి ఒక్కో వేవ్ ఫైలుగా, 24 బిట్లలో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక వాద్యం పాట మధ్యలోనే మొదలైనా దాని ఫైలు మాత్రం మొదటి బార్ నుంచే మొదలుకావాలి. అలా ఉంటేనే అన్నిటినీ ఒకే గీత మీద పెట్టి వినగలరు. మాస్టర్ మీద పెట్టిన లిమిటర్‌నూ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది), డ్రమ్స్ మీది రివర్బ్‌నూ (ప్రతిధ్వనిని కలిపేది) తీసేసి పంపండి. ఆ రివర్బ్ మీకు బాగా నచ్చితే దాన్ని విడి ఫైలుగా ఇవ్వండి. ఫైలు పేర్లలో వాద్యం పేరు, టెంపో ఉండాలి. వీటితో పాటు మిడి ఫైలును కూడా జతచేయండి. మీ కిక్ శాంపిల్ అక్కడివారికి నచ్చకపోతే దెబ్బల బలాలు చెడకుండా వేరే శాంపిల్‌తో మార్చగలుగుతారు. మార్చే ముందు మిమ్మల్ని అడగాలని మాత్రం ముందే చెప్పి ఉంచండి.